రాతి తొట్టి, రాగి బోర్డు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదీ లేదు. డిప్లొమా చేతికి వచ్చి ఇంకా మూడు నెలలు కూడా కాలేదు కాబట్టి జ్ఞానమంతా తాజాగా, పొట్టు కూడా ఊడకుండా ఉండేది. ఇప్పుడు ఎవరైనా వచ్చి "మేడం, ఈ పనికి బోర్డు మనమే చేసుకుందామా, రెడీమేడ్‌ది కొందామా?" అని అడిగితే నేను రెండు రోజులు గడువు అడుగుతాను, పది ప్రశ్నలు వేస్తాను, చివరికి "చూద్దాం" అంటాను. అప్పుడైతే అడిగేవాళ్ళ నోరు మూతపడకముందే జవాబు చెప్పేసేదాన్ని. అలా చెప్పిన ఒక జవాబు వల్ల తాండూరులో ఒక రాతి తొట్టి పొంగింది, అద్దంలాంటి బండ ఒకటి పాడైంది, వికారాబాద్‌లో ఉన్న మా నాయిన పళ్ళకు లేనిపోని పని పడింది. (బోర్డంటే బడిలో గోడకు వేలాడేది కాదు. అగ్గిపెట్టెంత పలక. దాని మీద ఒక నల్ల చిప్పు, చిప్పు చుట్టూ రాగి దారులు. 'నీళ్ళు ఆగితే మోటారు ఆపు' అని ఆ చిప్పుకు ముందే చెప్పి పెడితే, సమయం వచ్చినప్పుడు అది ఎవరినీ అడక్కుండా ఆపేస్తుంది. మా ఇంట్లో నాకు లేని అధికారం దానికి ఉండేది కాబట్టి నాకు దానిమీద వల్లమాలిన ప్రేమ.)

మా కుటుంబం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా నాయినది వికారాబాద్‌లో కందుల వ్యాపారం. ఆయన పుట్టిన దగ్గర్నుంచి కొన్నాడు, అమ్మాడు; ఏ వస్తువునూ తన చేత్తో తయారు చేసి ఎరగడు, ఆఖరికి చాయ్ కూడా. కానీ కొనడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. రైతు సంచి విప్పగానే లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కందులు తీసి, అరచేతిలో ఆడించి, వాసన చూసి, ఒక గింజ దవడ పంటి కింద పెట్టి 'కటుక్'మనిపించేవాడు. ఆ చప్పుడు విని "ఎండింది", "ఇంక రెండు రోజులు ఎండాలె" అని చెప్పేవాడు. అలవాటు ముదిరి కొత్త పెన్ను కొన్నా, సబ్బు కొన్నా ముందు అరచేతిలో ఆడించేవాడు. మా మేనమామ దీనికి పూర్తిగా ఉల్టా మనిషి. తాండూరులో ఆయనకు బండలు నున్నగా చేసే పాలిష్ యూనిట్ ఉంది. ఇంట్లో ఏది కావాలన్నా ఆయన బజారుకు పోడు, యూనిట్‌కు పోతాడు. కూర్చునే బల్ల, బట్టలుతికే బండ, అల్మారా అరలు, చివరికి టీవీ కింది స్టాండు కూడా తాండూరు రాయే. (ఒకసారి అత్త దువ్వెన విరిగిందని చెప్పి, చెప్పినందుకు భయపడిందట.) ఇక మా అమ్మ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పక్షం మాట్లాడేది.

చదువు అయిపోగానే మా నాయిన "హైదరాబాద్‌ల మనోళ్ళ ఆఫీసుంది, కంప్యూటర్ల బిల్లులు కొట్టే పని, పో బిడ్డా" అన్నాడు. నాకేమో సొంతంగా ఒక చిన్న గది, అందులో ఒక టేబులు, టేబులు మీద పొగలు కక్కే సోల్డరింగ్ కడ్డీ, బయట నా పేరున్న పలక కావాలి. ఆ కోరికతోనే ప్యాసింజర్ రైలెక్కి తాండూరు పోయి మామ యూనిట్‌లో వాలాను. అక్కడ పాలిష్ మిషన్ తిరుగుతున్నంతసేపూ బండ మీద నీళ్ళు పారుతూనే ఉండాలి. బోరు మోటారు ఆగో, పైపులో రాతి బురద అడ్డుపడో నీళ్ళు ఆగిపోతే, మిషన్‌కున్న సానరాయి ఎండు బండను గీకి నల్లటి మచ్చ పెడుతుంది. దాన్ని కనిపెట్టడానికి మామ ఒక ముసలాయన్ని పెట్టుకున్నాడు. అందరూ ఆయన్ని 'నీళ్ళ తాత' అనేవారు. ఆయన ఉద్యోగం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైపు వంక చూడటం, నీళ్ళు ఆగగానే "నీళ్లూ!" అని మిషన్ల హోరుకు పైన వినబడేలా కేక పెట్టడం. అది విని మిషన్ మీదున్న మనిషి స్విచ్ ఆపేవాడు. ఇరవై ఏళ్ళుగా అరిచీ అరిచీ ఆయన మామూలుగా మాట్లాడినా మండలమంతా వినపడేది.

"మామా, నీళ్ళు ఆగంగనే మిషన్ దానంతటదే ఆగిపోయి గంట కొట్టేటట్టు నేను చేస్త" అన్నాను.

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "నిజంగనా, కోడలా? గట్లయితే ఒక మాట. శుక్రవారం కర్ణాటక కెళ్ళి పెద్ద గిరాకి వస్తుండు. కల్యాణ మండపం కడుతున్నడట, మండపమంతటికీ బండలు కావాలె. గాయన ముందట నీ మిషిని మంచిగ పనిచేస్తే, యూనిట్ పక్కకు ఖాళీగున్న గా గది నీదే. మీ నాయినతోని నేను మాట్లాడుత."

"పని చేయకపోతే?"

"హైదరాబాద్ బస్సు నేనే ఎక్కిస్త" అని నవ్వాడు. నీళ్ళ తాత నా దగ్గరకొచ్చి, తనకు తెలిసిన రహస్యపు గొంతుతో (అవతలి యూనిట్‌లో ఇద్దరు తలెత్తి చూశారు) "జర జల్ది చెయ్యి బిడ్డా, గొంతు పోయింది" అన్నాడు. గంట వస్తే తన పని పోతుందని ఆయనకు ఫికర్ లేదు. మామ ఆయన్ని ఏదో ఒక పనిలో కూర్చోబెడతాడని అందరికీ తెలుసు.

ఇక అసలు ప్రశ్న వచ్చింది. బోర్డు కొనాలా, చేయాలా? నేను శాస్త్రీయంగా ఆలోచించే పిల్లను కాబట్టి నోటుబుక్కులో మధ్యన గీత గీశాను. 'కొంటే' అన్నవైపు ఒకే ఒక్క మాట రాశాను: పని చేస్తుంది. 'చేస్తే' అన్నవైపు పదకొండు కారణాలు రాశాను, అందులో నాలుగు ఒకటే కారణం. ఏ ఆకారంలో కావాలంటే ఆ ఆకారంలో చేసుకోవచ్చు, అనవసరమైనవి ఉండవు, పాడైతే మనమే బాగుచేసుకోవచ్చు అని ఏవేవో రాశాను గానీ, మనసులో ఉన్నది చివరి కారణం. బోర్డు మీద నా పేరు రాసుకోవచ్చు. ఫోన్లో మా నాయినకు చెబితే ఆయన పదకొండూ ఓపిగ్గా విని "కొను బిడ్డా" అన్నాడు. "పదిమంది కొని వాడుతున్నదంటే పదిమంది దాన్ని పరీక్ష చేసిన్లన్నట్టే కద. నువ్వు చేసేదాన్ని ఎవరు చూసిన్లు?" మామ పక్కనుంచి ఫోన్ లాక్కుని "బావా, కొని తెచ్చేటిదానికి డిప్లొమా ఎందుకు? సంచి చాలు" అని పెట్టేశాడు. నా ఛాతీ రెండింతలైంది. చేస్తానన్నాను.

బోర్డు గీయడానికి రెండు రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే రాగి దారులు గీయడానికి ఒక పూట, నా పేరు రాయడానికి ఒకటిన్నర రోజు. మొదట మూలన చిన్నగా రాశాను. బాగోలేదు. కొంచెం పెంచాను. దాని చుట్టూ ఒక లతలాంటిది గీశాను. చివరికి చిప్పుకు చోటు చాలక బోర్డు సైజే పెంచాల్సి వచ్చింది. ఆ బొమ్మను నున్నటి కాగితం మీద ప్రింటు తీసి, రాగి పూత ఉన్న పలక మీద బోర్లించి, అత్త ఇస్త్రీ పెట్టెతో అదిమి అతికించాను. (ఇస్త్రీ పెట్టెకు నల్లగా అంటిన ఇంకు తర్వాత మామ తెల్లచొక్కా మీదికి దిగింది. ఆ సంగతి వేరే గొడవ.) ఇంకు అతికినచోట రాగి నిలుస్తుంది, మిగిలిన రాగిని మందులో వేసి కరిగించాలి. ఆ మందు గోధుమరంగు పొడి, నీళ్ళలో కలిపితే చిక్కటి డికాషన్‌లా ఉంటుంది. పొట్లం మీద పెద్దక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంది: లోహపు పాత్రల్లో వాడరాదు.

అత్తను ప్లాస్టిక్ డబ్బా అడిగాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి "నా డబ్బల జోలికొస్తే మంచిగుండదు పిల్లా" అంది. స్టీలు వద్దు, ఇత్తడి వద్దు, ప్లాస్టిక్ దొరకదు. నేను పరేషాన్ అయి యూనిట్ గడపలో కూర్చుంటే మామ వచ్చి సంగతి విన్నాడు. విన్నవాడి మొహం వెలిగిపోయింది.

"లోహం వద్దన్నరు. రాయి వద్దన్లేదు కద?"

నేను పొట్లం మళ్ళీ చదివాను. నిజమే, రాయి మాట ఎక్కడా లేదు. అరగంటలో మామ తన చేత్తో నాకొక తొట్టి తొలిచి ఇచ్చాడు. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, అంచులు గుండ్రంగా అరగదీసి, లోపలివైపు నీలం రంగు నిగనిగలాడుతూ ఎంత ముద్దుగా ఉందంటే, అందులో మందు పోయడానికి నాకు మనసొప్పలేదు. పైగా తొట్టి సమానంగా కూర్చోవాలి, లేకపోతే మందు ఒక పక్కకు ఒరుగుతుంది. తాండూరు మొత్తంలో అన్నిటికంటే సమానంగా ఉన్నది ఏది? గిరాకికి చూపించడానికని మామ నాలుగు రోజులు కష్టపడి, మొహం కనబడేలా నున్నగా చేసి, గోనెసంచి కప్పి పెట్టుకున్న శాంపిల్ బండ. సంచి తీసి దానిమీద తొట్టి పెట్టాను. మామే "గదే మంచిగున్నది" అన్నాడు. ఈ మాట నేను ఇప్పటికీ ప్రతి చుట్టానికీ గుర్తు చేస్తుంటాను.

పలకను తొట్టిలో వేసి మందు పోశాను. సుయ్‌మని చప్పుడు వచ్చింది. బుడగలు లేచాయి. సోడాలో ఉప్పు వేసినట్టు నురగ కట్టింది. మామ, నేను, నీళ్ళ తాత ముగ్గురం వంగి చూస్తున్నాం.

"గిట్లనే కావాల్నా, కోడలా?"

"రియాక్షన్ మామా. మస్తుగ జరుగుతుంది" అన్నాను గర్వంగా. కాలేజీలో చేసినప్పుడు ఇంత చప్పుడు కాలేదు. అక్కడి మందు మంచిది కాదేమో అనుకున్నాను.

"బిడ్డా, రాయి ఉడుకుతుంది!" అని తాత కేక పెట్టాడు. అది నీళ్ళ కేక అనుకుని రెండు మిషన్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నురగ అంచు దాకా లేచి, గోధుమరంగు బురదై, గుండ్రటి అంచుల మీదుగా నింపాదిగా శాంపిల్ బండ మీదికి దిగింది. నేను అరిచి, కట్టెపుల్లతో పలకను బయటికి లాగి, నీళ్ళతో కడిగి, ఇంకు గీకి చూశాను. రాగి కొత్త పెళ్ళికూతురు నగలా మెరుస్తోంది. ఒక్క దారి పడలేదు. లత లేదు, నా పేరు లేదు, ఇంకు కింద ఉన్న రాగీ అదే, బయట ఉన్న రాగీ అదే. తొట్టి లోపలి నిగనిగ మాత్రం మాయమై, గరుగ్గా, కుక్క నాకిన రొట్టెలా తయారైంది. మామ దానిలో వేలు పెట్టి రాసి, వేలు చూసుకుని, మెల్లగా అన్నాడు.

"కోడలా, నీ మందు రాగిని తినలే. నా రాయిని తిన్నది."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే నురగ వచ్చును. పదో తరగతి పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను, మార్కులు కూడా పూర్తిగా వేశారు. కానీ పుస్తకంలో ఉండే సున్నపురాయి ఎక్కడో ఏ దేశంలోనో దొరికే వస్తువనీ, మా ఇళ్ళ ముందు పరిచిన బండ మా తాండూరు బండేననీ నా నమ్మకం. రెండూ ఒకటేననీ, నా మందు కూడా ఆమ్లమేననీ తొట్టి పొంగేదాకా తట్టలేదు. ఈ బండల మీద పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఈ తప్పు చేయరు. వేరే ఊరివాళ్ళయితే చచ్చినట్టు ఒక ప్లాస్టిక్ డబ్బా కొనుక్కునేవాళ్ళు.

తొట్టి తీసి తుడిస్తే శాంపిల్ బండ మీద చాటంత మచ్చ. చుట్టూ నీలం, మధ్యలో తుప్పు రంగు. మామ తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు, బండ పక్కన గొంతుక్కూర్చుని దాని మీద చెయ్యి నిమిరాడు, దెబ్బ తగిలిన ఎద్దును నిమిరినట్టు. నాకు ఏడుపు ఆగలేదు. గది పోయింది, పేరు పోయింది, అంతకంటే మామ నాలుగు రోజుల కష్టం పోయింది. "ఏడ్వకు, రాయి కద, మళ్ళ అరగదీస్త" అని ఆయన మిషన్ ఆన్ చేశాడు. ఆ సాయంత్రం తాత నీళ్ళు ఆగినప్పుడల్లా కేక పెడుతుంటే ఒక్కో కేకా నన్నే అన్నట్టు అనిపించింది. అది బుధవారం.

గురువారం పొద్దున రైలుకు మా నాయిన దిగాడు. అత్త ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది. ఆయన బండ గురించి అడగలేదు, తొట్టి వంక చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. చాయ్ తాగాక చొక్కా జేబులోంచి కందుల శాంపిల్ వేసే చిన్న ప్లాస్టిక్ సంచి ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టాడు. రబ్బరు బ్యాండు విప్పితే లోపల రెండు నీలం రంగు బోర్డులు, చిప్పుతో, కాళ్ళతో, అన్నిటితో తయారుగా.

"ఎప్పుడు కొన్నవ్ నాయినా?"

"నువ్వు చేస్త అన్ననాడే. హైదరాబాద్ పోయొచ్చిన."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "అంటే నా మీద నమ్మకం లేదన్నట్టు."

"నమ్మకం లేక కాదు బిడ్డా. పంట మంచిగ వస్తదని తెలిసినా ఇంటికి రెండు సంచులు ముందుగాల తెచ్చిపెడ్త కద, గట్ల." తర్వాత ఆయన ఉత్సాహం వచ్చి చెప్పుకుపోయాడు. దుకాణంవాడు ఒక బోర్డు తీసి ఇస్తే తీసుకోలేదట. పెట్టెలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడట. అరచేతిలో ఆడించాడట. తేలికవి పక్కన పెట్టాడట. నాకు అనుమానం వచ్చి రెండు బోర్డులూ వెలుతురుకు పట్టి చూశాను. ఒకదాని మూలన, స్క్రూ కోసం పెట్టిన చిల్లి పక్కన, అర్ధచంద్రంలా చిన్న గాటు.

"నాయినా, పంటి కింద పెట్టినవా?"

"ఒక్కటే పెట్టిన" అన్నాడు తప్పు చేసినవాడిలా. "దుకాణపోడు ఒకటే అరుసుడు. మంచిగున్నది బిడ్డా, బాగ ఎండింది."

మామ ఆ మాటకు బండ మీద చెయ్యేసుకుని పడీ పడీ నవ్వాడు. బుధవారం తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. నేను మాత్రం గంభీరంగా, గాటు పడ్డ బోర్డు పక్కన పడేసి, మంచిదాన్ని తీసుకుని పనిలో దిగాను. నీళ్ళు పారుతున్నాయో లేదో చూసే చిన్న చక్రాన్ని పైపులో పెట్టి, మిషన్‌ను ఆపే మీటకు, గంటకు, ఎర్ర లైటుకు వైర్లు కలిపి, చివరగా కరెంటు ఇచ్చాను. ప్లస్సు ఇవ్వాల్సినచోట మైనస్ ఇచ్చాను. (నాకు తెలియనిది ఏదీ లేదని ముందే మనవి చేశాను.) మంచి బోర్డు నుంచి అగరుబత్తిలా సన్నటి పొగ లేచి, అంతటితో దాని జీవితం ముగిసింది. మా నాయిన వంగి, కింద పడేసిన గాటు బోర్డును తీసి, పంచె చెంగుతో దుమ్ము తుడిచి, నా చేతిలో పెట్టాడు. ఈసారి ఒక్కో వైరునూ మూడేసిసార్లు చూసి కలిపాను.

శుక్రవారం గిరాకి వచ్చాడు. మామ మళ్ళీ మెరిపించిన శాంపిల్ బండలో తన మీసం చూసుకుని ఆయన సంతోషించాడు. అప్పుడు మామ మిషన్ ఆన్ చేసి, నాకు సైగ చేసి, నీళ్ళ పైపు కట్టేశాడు. నా గుండె కూడా కట్టేసినట్టే అయింది. ఒకటి, రెండు అనుకునే లోపల మిషన్ నిలిచిపోయింది, బోర్డు పక్కన ఎర్ర లైటు వెలిగింది, గంట మోగింది. మోగిందని నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని పెట్టింది నేనే. చుట్టుపక్కల యూనిట్ల హోరులో ఆ గంట సైకిల్ బెల్లు పాటి కూడా వినబడలేదు. అందరూ 'ఏదీ గంట?' అన్నట్టు చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు ఎర్ర లైటు వంక చూస్తున్న తాత, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ, గుండెల నిండా గాలి పీల్చి "నీళ్లూ!" అని కేక పెట్టాడు.

గిరాకి ఉలిక్కిపడి, తేరుకుని, నా బోర్డు వంకా తాత వంకా చూసి "సౌండు చెన్నాగిదె!" అని కన్నడంలో మెచ్చుకున్నాడు. తాత కూడా మిషన్‌లో భాగమే అనుకున్నాడో ఏమో, మేమెవరమూ సరిదిద్దలేదు. మండపమంతటికీ బండలు మా మామ దగ్గరే తీసుకుంటానన్నాడు.

ఆయన వెళ్ళాక నేను మామ దగ్గరికి పోయి, నిజం చెప్పకుండా ఉండలేక, "మామా, బోర్డు నేను చేయలే కద. కొన్నది కద. గది అడుగుడు న్యాయం కాదు" అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టమైందో నాకే తెలుసు. మామ తల మీది దుమ్ము దులుపుకుంటూ "నేను రాయిని చేస్తున్ననా, పిచ్చిదానా? గనిల కొనుక్కొచ్చి నున్నగ చేస్తున్న. ఇంతవరకు నన్నెవ్వరు అడగలే" అని, మొలతాడుకున్న తాళంచెవి తీసి ఇచ్చాడు. మా నాయిన హైదరాబాద్ ఆఫీసు మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ఆ రాత్రి తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఆ గదిలోనే ఇప్పటికీ పని చేస్తున్నాను. తొట్టిలో అత్త పిచ్చుకలకు నీళ్ళు పోస్తుంది, లోపలి గరుకు వాటి కాళ్ళకు పట్టు దొరుకుతుందట. నీళ్ళ తాత ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, లైటు వెలిగితే అక్కణ్ణుంచే కేక పెడతాడు. గాటు బోర్డు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఈ మధ్యనే, ఇన్నేళ్ళకు, నేను పూర్తిగా నా సొంతంగా గీసిన బోర్డు ఫ్యాక్టరీలో చేయించుకున్నాను. మూలన నా పేరు కూడా ఉంది, భూతద్దంలో చూస్తే కనబడుతుంది. పార్సిల్ వచ్చిన రోజు మా నాయిన రైల్లో తాండూరు వచ్చాడు. ఒక బోర్డు తీసి అరచేతిలో ఆడించాడు. తర్వాత నా వంక చూసి, మొహమాటపడి, టేబులు మీద పెట్టేయబోయాడు.

"చూడు నాయినా, ఎండిందో లేదో" అన్నాను.

ఆయన మొహం చాటంతయింది. మూల పంటి కింద పెట్టి, కళ్ళు మూసుకుని కొరికి, "మంచిగ ఎండింది బిడ్డా" అన్నాడు. ఆయన చేతిలోంచి తీసుకుని వెలుతురుకు పట్టి, గాటు కోసం వెతికాను. పడలేదు. ఆయన కట్టుడు పళ్ళు పెట్టించుకుని ఏడాదైందన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. ఆ బోర్డును మాత్రం అమ్మలేదు, టేబులు సొరుగులో విడిగా దాచుకున్నాను.